అలమర కాలి కింది గ్రామరు

చెల్లెమ్మా, మీ అన్నయ్యకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నమ్ముతావా? ఇక్కడి సంఘమంతా నమ్మింది. దేవుని దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

ఆదివారం ప్రార్థనకు ఇంగ్లీషు బోధకుడొకాయన వచ్చాడు. ఆయన మాట తెలుగులో చెప్పడానికి ఎప్పటిలా నేనే పక్కన నిలబడ్డాను. లేఖనాన్ని రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని నేర్చిన ఇంగ్లీషుతో స్వాగతం పలికితే ఆయన బిత్తరపోయాడు. నేను చేయిపట్టి మందిరానికి తెచ్చిన ఎలక్ట్రీషియనే లేచి, "అయ్యగారూ, అది రాజుల కాలం ఇంగ్లీషండి. ఇప్పుడలా మాట్లాడితే నవ్వుతారు" అన్నాడు. ప్రసంగమంతా వాడే గడగడా చెప్పేశాడు. నా ప్రసంగానికి కునికే పెద్దలు రెప్ప వెయ్యలేదు.

ఎలా నేర్చావురా అంటే, "పనికెళ్లే బస్సులో గ్రామరు చదివానండి. ఎ, యాన్, ది దగ్గర మొదలెట్టి క్రియలదాకా వచ్చాను" అన్నాడు. అసూయ పాపమని గొంతు చించుకుని బోధించినవాణ్ణి, వాణ్ణి చూస్తే కడుపు మండిపోతోంది. ఆ బోధకుడు వచ్చే నెల మళ్లీ వస్తాడు. అప్పుడూ వాడే నిలబడితే ఇక నా చోటు వెనక బెంచీయే.

అమ్మకు కళ్లజోడు మార్పించారా? బావ నడుం నొప్పి తగ్గిందా? నీ బడి గ్రామరు పుస్తకాన్ని, లోకజ్ఞానం మనకెందుకని నేనే అలమర కాలి కింద ఎత్తు పెట్టాను గదా. విశేషణాలు, క్రియారూపాలు అన్నీ అందులోనే ఉండాలి. ఎలుకలు కొట్టినా పర్వాలేదు. దేవుడు మీ అందరికీ తోడుండుగాక. ఈ కార్డు కింద పెట్టకముందే బావను పిలిచి అలమర ఎత్తించు, అక్కడో ఇటుక పెట్టు, పుస్తకం ఇవాళే పోస్టు చెయ్యి.