దొరసాని పేరు పెట్టిన పువ్వు

నాయనా,

నువ్వు రెండు జాతులు కలిపి, యుద్ధం రోజుల్లోనూ విడవకుండా ఏడేళ్ళు పెంచిన ఆర్కిడ్, నువ్వు పోయిన ఏడాదికి పూసింది. లాల్‌బాగ్ పూల ప్రదర్శనలో దానికి కప్పు వచ్చింది. దొర దానికి తన భార్య పేరు పెట్టాడు. నువ్వు ఆయన తోటమాలివి, నీ పేరు ఎవరూ ఎత్తలేదు.

"అది మా నాయన చేసిన పువ్వని దొరకు చెప్పప్పా" అని దొర ఇంటి బట్లర్‌ను అడిగాను.

"ఇప్పుడెందుకమ్మా, మీ నాయన పోయినాడు గదా" అన్నాడు. "దానికి నీళ్ళెట్ల పోయాలో నిన్ను అడగమన్నాడు దొర."

వేర్లు ఆరాకే మళ్ళీ తడపాలని నువ్వు నేర్పావు. నేను మాత్రం, "దినామూ కుండీ నిండా పొయ్యమనప్పా" అని చెప్పి వచ్చేశాను.

నెల తిరిగేలోగా వేర్లు కుళ్ళిపోతాయి. నువ్వుంటే ఈ కూతురి చెంప పగలగొట్టేవాడివి. అయినా వెనక్కి వెళ్ళి సరిగ్గా చెప్పడానికి నాకు కాళ్ళు రావడం లేదు.