పాటలో ఉన్న మంగ్యా బిడ్డ

బాన్సువాడ మండలం, గుట్టకింది తండా వాస్తవ్యురాలు, రాథోడ్ మంగ్యా కుమార్తె, వయసు అరవై ఆరు సంవత్సరాలు గల పవార్ మోతీబాయి అను నేను, మంచి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా వ్రాయించిన వీలునామా ఏమనగా:

రాసేటాయన రాజేంద్రప్రసాద్ సారు, భర్త పేరు చాలమ్మా అన్నడు. చాలదు. భర్త పేరు రేషన్ కార్డు మీద ఉన్నది, దవాఖాన చీటీ మీద సుత ఉన్నది. తండ్రి పేరు అడిగినకాడల్లా మేనమామ పేరు చెప్పి నెట్టుకొచ్చిన. ఈ కాగితం మీద మా నాయిన పేరు ఉంటదనే నేను ఆటో ఎక్కి వచ్చిన.

1. తండాలోని నా ఇల్లు, నా తదనంతరం నా కుమారుడు ప్రకాష్‌కు సర్వహక్కులతో చెందవలెను. రేకులు మార్చుమని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఇగ నీ ఇల్లే, నువ్వే తడువు.

2. మా యాడి, అంటే నన్ను కన్న తల్లి భీమ్లి, తలకు పెట్టుకున్న వెండి టోప్లీలు నా కుమార్తె రేఖకు. మా యాడి ఒక్కనాడు నాయిన పేరు ఎత్తలే. అడిగితే చేతిల రొట్టె పెట్టి బయటికి పంపేది. పానం పొయ్యేముందు మాత్రం మద్నూర్ దిక్కు అన్నది. అంతే.

3. మా యాడి అద్దాల పేటియా, అంటే లంగా, రేఖ బిడ్డ, నా మనుమరాలు సంగీతకు. అది కట్టుకోదు, నాకు ఎర్కనే. అయినా దానికే.

మా నాయినను దొరకవట్టింది ఆ పిల్లనే. మొదలు నా ఉమ్మి ఒక గొట్టంల పట్టి ఎక్కడికో పంపింది. పుణెల ఎవరో పిలగాడు నాకు దూరపు చుట్టమని జవాబొచ్చింది. వానికి వాళ్ళ తాత పేరే తెల్వది, నా తండ్రి సంగతి ఏం చెప్తడు? ఇగ స్కూటీ తీసింది. మద్నూర్ దిక్కు తండాలన్ని తిరిగినం. తెలుగుల అడిగినం, మా లంబాడీల అడిగినం, వచ్చీరాని మరాఠీల సుత అడిగినం. ఎవరికీ ఎర్క లేదు. ఆఖరుకు జుక్కల్ కాడ ఒక తండాల పెండ్లి అయితుంటే, మొదలు కూసొని తినుండ్రి అన్నరు.

ఆ పెండ్లిల ఢాడి దేవిదాస్ పాడుతుండె. ఢాడీలంటే మా వంశాల పేర్లు నోటికి పెట్టుకొని తరతరాలు పాడేటోళ్ళు. రాథోడ్ల పాట ఎత్తిండు. తాతలు, వాళ్ళ కొడుకులు, ఆ కొడుకుల కొడుకులు. పాటల ఆడపిల్లల పేర్లు రావు, అది రివాజు. నేను తింటనే వింటున్న. ‘మంగ్యా. మంగ్యా బిడ్డ మోతి, భీమ్లి కడుపున పుట్టిన మోతి’ అన్నడు. నా బుక్క చేతిలనే ఉన్నది. నేనెన్నడు అడుగు పెట్టని తండాల, నన్నెన్నడు చూడని మనిషి నా పేరు పాడుతుండు.

పాట అయినంక దేవిదాసన్న అంత చెప్పిండు. నాయిన, మా యాడి చెరుకు కొట్టెతందుకు పోయిన కాడ కలిసిండ్రు. మా లంబాడోళ్ళల్ల ఇద్దరు ఎదురైతే మొదలు అడిగేది మీది ఏ పాడ అని, అంటే ఏ వంశమని. వీళ్ళిద్దరు అదొక్కటి అడుగుడు మరిచిండ్రు. నేను పుట్టినంక తేలింది, ఇద్దరు రాథోడ్లే అని. ఒక్క పాడ అంటే మా దాంట్ల అన్నాచెల్లెండ్ల లెక్క. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి విడదీసిండ్రు. ఒకరి పేరు ఒకరు ఎత్తొద్దని ఇద్దరితోని ప్రమాణం చేయించిండ్రు. నాయిన మళ్ళ పెండ్లి చేసుకోలే, పానం పొయ్యేదాక ఒంటిగనే ఉన్నడు. దేవిదాసన్న తండ్రి కాళ్ళు పట్టుకొని, నా బిడ్డను పాటల పెట్టుమని అడిగిండట. ఆ పెద్దమనిషి రివాజు పక్కకు పెట్టి, మా యాడి పేరుతోని సహా కలిపిండు.

దేవిదాసన్న నా తల మీద చెయ్యి పెట్టి, ‘పాడుడు షురూ జేసిన కాడికెల్లి నీ పేరు పాడుతున్న బిడ్డా. నువ్వు ఉన్నవో లేవో మాకు ఎర్క లేకుండె’ అన్నడు. మోతి అని పేరు పెట్టింది సుత నాయిననేనట. అంటే, ప్రమాణం తప్పని మా యాడి, ఆయన పెట్టిన పేరుతోని నన్ను దినాం పిలిచింది. ఎంత మనిషే నువ్వు యాడీ.

4. నా మరిది లక్‌పతికి ఆస్తిలో ఏమియూ లేదు. నా పెండ్లినాడు పంక్తిల అందరి ముంగట, దీని పాడ ఏందో ఎవరికి ఎర్క అన్నడు. మేనమామ పాడ అరువు తెచ్చుకున్నననుకొని నేను సుత తల దించుకున్న. అరువు కాదు లక్‌పతీ. తల్లి దిక్కు చూసినా, తండ్రి దిక్కు చూసినా నేను రాథోడ్ల బిడ్డనే. తండాల రాథోడ్ల పాట పాడిననాడు నీకు ముంగటి వరుసల ఒక కుర్చీ ఇస్తున్న. మంచిగ కూసొని విను.

5. కాలువ కింద నా స్వార్జితమైన అర ఎకరం వరి పొలము, దేవిదాస్ కుమారుడు వినోద్‌కుమార్‌కు చెందవలెను. షరతు: రాథోడ్ల పాట మొత్తం నోటికి నేర్చి తండా ముందు పాడవలెను. నేర్వనిచో పొలము ప్రకాష్‌కు చెందును.

వినోద్‌కుమార్ మద్నూర్ రోడ్డు మీద లారీ నడుపుతడు. పాట సగం వచ్చు, సగం రాదు. దేవిదాసన్నకు దమ్ము అందుతలేదు. ఆయన పోతే మా నాయిన ఇంకోపాలి పోయినట్టే, నాకు అదే ఫికర్. సంగీత ఫోన్ల పట్టింది గని, ఫోన్ పెండ్లికి వచ్చి పాడుతదా? ప్రకాష్, పాటగానికి పొలమేందే యాడీ అని నువ్వు అలిగినవు. ఆ పొలంల నువ్వు ఏనాడు కలుపు తియ్యలే.

6. ఈ వీలునామా అమలు బాధ్యత సంగీతది. నేను బ్రతికియుండగా దీనిని మార్చుటకు, రద్దుపరచుటకు నాకు పూర్తి హక్కు కలదు.

చేవ్రాలుకు ముందు జరిగినది కూడా నా కోరికపై ఇందు చేర్చడమైనది. సాక్షిగ వచ్చిన దేవిదాసన్నను ఆ ఒక్క చరణం పాడుమన్న. ఎత్తుకున్నడు. ‘మంగ్యా’ కాడికి వచ్చేసరికి దగ్గు వచ్చి ఆగిండు. సారు కలం పక్కకు పెట్టిండు. తలుపు కాడ లారీ తాళంచెవి పట్టుకొని నిలబడ్డ వినోద్‌కుమార్ అందుకున్నడు. ‘మంగ్యా బిడ్డ మోతి’ అన్నడు. నేను అయిపోయిందనుకున్న. ఆగలే. ‘మోతి బిడ్డ రేఖ, రేఖ బిడ్డ సంగీత’ అన్నడు. ఆ పేర్లు పాటల కలుపుమని వినోద్‌కుమార్‌కు ఎవరూ చెప్పలే. నా పక్కనే ఉన్న ప్రకాష్ కలం తీసి సారు చేతిల పెట్టిండు. అయిదో నంబరుల షరతు కొట్టెయ్యుమన్న.

ఈ వీలునామాలో కొట్టివేత ఒకటి. చదివించుకొని విని, సరియని ఒప్పుకొని చేవ్రాలు చేసితిని.

బాన్సువాడ, తేది 14-11-2025

(చేవ్రాలు) మోతీబాయి, మంగ్యా బిడ్డ

సాక్షులు:
దేవిదాస్, ఢాడి (ఎడమచేతి బొటనవేలి ముద్ర)
ముత్తవ్వ, చేను పక్క చేనామె (చేవ్రాలు)

వ్రాసినవారు: రాజేంద్రప్రసాద్, దస్తావేజు లేఖరి