ఒరిస్సా చుట్టాలకు సద్దన్నం

గట్టు, 12 డిసెంబరు 2008

సరితకు, ప్రభువు కాపుదలలో బాగున్నాను. దగ్గు తగ్గింది, దిగులు పడకు.

ఒరిస్సాలో క్రైస్తవులని ఇల్లు తగలబెడితే పారిపోయి వచ్చిన రబీంద్ర, భార్య మినతి, ఇద్దరు పిల్లలు ఇక్కడ మన మందిరంలో ఉన్నారు. మన భాష రాదు. నిన్న పొద్దున విందు చేశాం. కోడికూర, జొన్నరొట్టెలు ముందుపెట్టి, పరదేశిని ప్రేమించమని నేను వాక్యం ఎత్తుకున్నాను. మన సంఘపు నర్సమ్మ లేచింది: "అయ్యగారూ, అబ్రాహాము చుట్టాలకు ముందు బువ్వ పెట్టిండా, ప్రసంగం చేసిండా? జర ఆపు!"

ఆపాను. అయినా మినతి రొట్టె ముట్టలేదు, మనకు భారమయ్యామనుకుందేమో, పోదామని మూట కట్టింది. ఈ చలిలో పిల్లలతో ఎక్కడికి పోతారని నాకు దిగులైంది. అంతలో నర్సమ్మ తనకోసం తెచ్చుకున్న సద్ది గిన్నె చూసి మినతి దగ్గరికి లాక్కుంది.

"అయ్యో తల్లీ, అది రాత్రి సద్ది! చుట్టాలకు గిది పెడితే ఊరు నవ్వదా?" అన్నది నర్సమ్మ.

మినతి వింటేనా! పిల్లలకు పెట్టి, ఉల్లిగడ్డ నంజుకుంటూ తానూ తిన్నది. వాళ్లింట్లోనూ రోజూ అదేనని సైగ చేసింది. రబీంద్ర డోలక్ అందుకొని వాళ్ల పాట పాడాడు, మన ఆడవాళ్లు కోలాటం వేశారు. మినతి మూట విప్పి, కంచు తాళాలు తీసి వాయిస్తూ కలిసింది. నా హల్లెలూయకు చూరులో పిట్టలు లేచిపోయాయి!

చిన్నదాని జ్వరం తగ్గిందా? మేక ఈనిందా? మన పిల్లలకు పొట్టివైన అంగీలు వీళ్లకోసం ఇటు వచ్చే పాల్ చేత పంపు. క్రిస్మసుకు నలుగురినీ తీసుకొస్తున్నాను. పరేషాన్ కాకు, పలావు వద్దు. ముందురోజు ఇంత అన్నం ఎక్కువ వండి నీళ్లు పోసిపెట్టు. ఐగుప్తుకు పారిపోయిన ఆ క్రిస్మసు తల్లీబిడ్డలకూ ఎవరో ఒకరు ఇంత పెట్టే ఉంటారు.

పిల్లల తలమీద చెయ్యిపెట్టి నా దీవెన చెప్పు.

యోసేపు