ఆటలో నా ముఖం

సోమవారం, దిల్‌సుఖ్‌నగర్

పెద్దోడి బీపీ అదుపులో ఉంది. కోడలి నడుము నొప్పి తగ్గింది. మనవరాలు స్వాతి దగ్గు కూడా పోయింది. నాకే సాయంత్రం నుంచి తల పట్టేసింది.

స్వాతి ఫోనులో ఆట చూపించి, "నానమ్మా, గీ మంత్రగత్తె నువ్వే గదా!" అని నవ్వింది. నా ముఖమే, నా ముక్కుపుడకే. ఆడేవాళ్ళంతా రాళ్ళతో కొడుతున్నారు.

నిరుడు పింఛను ఫొటోకు పోతే, ఎల్‌బీ నగర్ స్టూడియో యాదగిరి "జర గీడ సంతకం పెట్టు పెద్దమ్మా" అన్నాడు. పింఛను కాగితమే అనుకొని పెట్టాను. ఇప్పుడు ఫోన్ చేస్తే, "ఫొటోలమ్మే కంపెనీకి లైసెన్సు ఇచ్చిన. కొన్నోళ్ళు ఎట్లన్న వాడుకుంటరు, పరేషాన్ గాకు" అంటాడు. ఇంకెక్కడెక్కడ పెట్టారో మాత్రం చెప్పడు.

దిష్టి తీయాలంటే ఉప్పు, మిరపకాయలు నాకు తిప్పుకోవాలా, ఆ ఫోనుకు తిప్పాలా...

యాదగిరి గురువారం పొద్దున స్టూడియోకు రమ్మన్నాడు. స్వాతిని తీసుకుపోయి, నేను సంతకం పెట్టిన ఆ కాగితం మొత్తం వాడి ముందే గట్టిగా చదివిస్తాను.