ఓడకు బొడ్డు తొలిచే హక్కు

తానా బేరు తీరంలో ఓడలు కట్టే పెద్ద మేస్త్రిని, కీర్తిశేషులు దాయెంగ్ మంగాసి కుమారుణ్ణి అయిన దాయెంగ్ మరోలా అనే నేను, గుండె బలహీనంగా ఉందని డాక్టరు గారు తేల్చినా బుద్ధి మాత్రం నిక్షేపంగా ఉన్న స్థితిలో, ఎవరి ప్రేరేపణా బలవంతమూ లేకుండా, మనఃస్ఫూర్తిగా రాయించిన వీలునామా ఇది.

రేపు నా పెద్ద ఓడ సముద్రంలోకి దిగుతుంది. తాళ్ళు లాగడానికి వచ్చిన చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇప్పటికే స్తంభాల మీద కట్టిన మా ఇంటి మెట్ల మీదా, ఇంటి కిందా చేరి కాఫీలు తాగుతున్నారు. నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. ఇది రాస్తున్న ఇమాం గారు "కాస్త కుదురుగా కూర్చోవయ్యా మరోలా! ఇది వీలునామా, పెళ్ళి పిలుపు కాదు" అని విసుక్కున్నారు. ఆ మాట కూడా రాయమన్నాను.

1. ఇల్లు, కొబ్బరితోట మన ధర్మం ప్రకారం ఎవరి వాటా వారికి ఇమాం గారు పంచుతారు. అందులో నా మాటకు చోటు లేదు. ఈ కాగితం నా పనిముట్లు, నా అలవాట్లు, ఇంకా తెగని నా తగాదాల గురించి. వీటికి వారసులందరి ఒప్పుదలా ముందే తీసుకున్నాను.

2. నా భార్య జుమ్రాకు మా వీధి తలుపు గొళ్ళెం. పెళ్ళయిన నాటి నుంచీ దాన్ని వేయనివ్వలేదు. దారిన పోయే వాళ్ళనల్లా పిలిచి భోజనానికి కూర్చోబెట్టాను. "ఇది ఇల్లా, రేవా?" అని తిడుతూనే ఆమె వడ్డించింది. జుమ్రా, ఇక నీ ఇష్టం, గొళ్ళెం వేసుకో. నువ్వు వేయవని మాత్రం నాకు తెలుసు.

3. పెద్ద కొడుకు సాత్తుకు నా మోటారు సైకిలు, హారనుతో సహా. ప్రతి ఇంటి ముందూ హారను కొట్టి పలకరించకుండా నేను ఏనాడూ వీధి దాటలేదు. వాడు కలప వ్యాపారం చేస్తాడు, తల వంచుకుని పోతాడు. హారను పీకించడానికి వాడికి హక్కు లేదు.

4. కూతురు హస్నాకు పెద్ద కాఫీ కెటిలు. మసి తోమవద్దు. నేను కట్టిన ప్రతి ఓడ నీడనా అది మరిగింది.

5. నా బావమరిది దాయెంగ్ సిబాలికి, అతను ఎరువు తీసుకుపోయి తిరిగివ్వని బాడిశను ఇందుమూలంగా దఖలు పరుస్తున్నాను. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెడ్డ మేస్త్రి అన్న మాట నేనెప్పుడూ అనలేదు, అతను మంచి మేస్త్రి.

6. ఇక అసలు సంగతి. ఓడ దిగే ఉదయం అడుగు దుంగ నడిమధ్య బరమాతో బొడ్డు తొలిచేది పెద్ద మేస్త్రి. ఓడ బిడ్డ, మేస్త్రి కన్నతండ్రి. అది జరగందే ఎవరూ తాడు పట్టరు, జనం లాగందే ఓడ కదలదు. నా తర్వాత ఆ బరమా ఎవరి చేతికి అన్నదే ఇప్పుడు ఊరంతా రచ్చ. నా రెండో కొడుకు మప్పాకు పని క్షుణ్ణంగా వచ్చు. కానీ ఊరు వాడి చేతికి "రంపం ఆపిన చెయ్యి" అని పేరు పెట్టింది.

అందరికీ తెలిసిందే అయినా రాతలో ఉండాలని చెబుతున్నాను. అడుగు దుంగ కొన కోసేటప్పుడు, ఒకసారి కదిలిన రంపం ఆ దుంగ కొన తెగిపడేదాకా ఆగకూడదు. ఆగితే ఆ ఓడకు నడిసముద్రంలో ఆపద అని మా నమ్మకం. నా నమ్మకం కూడా అదే. క్రితం ఓడకు మప్పా కోస్తున్నాడు. దుంగ పట్టుకున్న వాళ్ళలో సిబాలి కొడుకు బుస్రాన్ కాలు ఇసుకలో జారి, చెయ్యి రంపం కిందికి వచ్చింది. మప్పా ఆపేశాడు. బుస్రాన్ వేళ్ళు మిగిలాయి, దుంగ పనికిరాకుండా పోయింది. కొత్త దుంగ తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాం.

సిబాలి జనం మధ్య నిలబడి "నా కొడుకు వేళ్ళు పోతే పోయేవి! రంపం ఆపే చెయ్యి మేస్త్రి చెయ్యి ఎట్టా అవుద్ది?" అని అరిచాడు. ఇంటికి పోయి అదే కొడుకు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడని అతని భార్యే మా జుమ్రాకు చెప్పింది. కోపం తెచ్చుకోకు బావా, అదీ రాయించాను.

రంపం ఆగకూడదన్న నియమం ఎందుకు పుట్టింది? ఓడ ఎక్కిన పిల్లలు క్షేమంగా తిరిగి రావాలని. ఓడ ఎక్కబోయే పిల్లాడి చెయ్యే తెగిపోతుంటే ఇంక ఆ నియమం ఎవరి కోసం? మప్పా ఒక దుంగను పోగొట్టాడు, మనిషిని నిలబెట్టాడు. ఆ పూట వాణ్ణి చూసి నేను గర్వపడ్డాను. కనుక నా తండ్రి నుంచి నాకు వచ్చిన బరమాను, బొడ్డు తొలిచే హక్కుతో సహా, నా కొడుకు మప్పాకు ఇస్తున్నాను. నచ్చనివాళ్ళు తాడు పట్టకపోవచ్చు. నాతో కూర్చుని కాఫీ తాగిన వాళ్ళలో అలాంటివాడు ఉన్నాడని నేను అనుకోను.

7. నేను పోయిన రోజున ఎవరూ గుసగుసలాడవద్దు. నాకు గట్టిగా మాట్లాడేవాళ్ళంటేనే ఇష్టం. వచ్చినవాళ్ళకు జిగురు బియ్యం అన్నం, కాల్చిన చేప కడుపు నిండా పెట్టాలి.

8. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని ఇమాం గారు నాకు మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. మిగతా అంశాలు అలాగే కానివ్వండి. ఆరో అంశం మాత్రం రేపు ఉదయం, పోటు రాకముందే అమలు కావాలి. నేను పోయేదాకా ఆగడం నా వల్ల కాదు. ఈ తీరాన నేను లేకుండా ఒక్క సంబరం జరగలేదు, నా కొడుకు మొదటిసారి బరమా పట్టే సంబరానికి నేను లేకపోవడం ఏమిటి? నేను చూడాలి. జనంలో నిలబడి తాడు పట్టుకుంటాను. డాక్టరు గారు లాగవద్దన్నారు కాబట్టి లాగను. గొంతు చించుకుని అరుస్తాను. దానికి ఆయన అడ్డు చెప్పలేదు, నేను అడగలేదు కూడా.

2011 మే 17, తానా బేరు.

(సంతకం) దాయెంగ్ మరోలా

సాక్షులు:

ఇమాం హాజీ సలాహుద్దీన్, రాసినవారు.

దాయెంగ్ సిబాలి. అంతా చదివించుకుని విన్న మీదట, సంతకం కింద ఈ మాట రాయమన్నారు: "మప్పా బొడ్డు తొలిచాక మొదటి తాడు మేమే పడతాం. నేనూ, మా బుస్రానూ. వాడు రెండు చేతులతోనూ పట్టుకుంటాడు."