కాద్రి అక్కా, నా ఎడమ కాలూ

నిన్నటి కార్డులో చోటు చాల్లేదు నానమ్మా, మిగతాది ఇందులో. ఈ దేశంలో ఆదివారాలు చప్పుడు చేయకూడదని రూలు. లాక్‌డౌన్‌లో ఉండబట్టలేక నేను కెల్లర్‌లో, అదే మా బిల్డింగ్ కింది సామాన్ల గదిలో, గోడకేసి బాల్ కొట్టా. పైఇంటి కాద్రి అక్క దిగొచ్చేసింది. తనది ఎస్టోనియా, ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్‌లో గోల్స్ కొట్టే ఫార్వర్డ్. నాన్నకి చెప్పేస్తుందని బాల్ వీపు వెనక దాచేశా.

"అన్నీ కుడి కాలితోనేనా? ఎడమది అలంకారానికా?" అంది!

మోకాలి ఆపరేషనయ్యాక తనని ఏ క్లబ్బూ తీసుకోలేదట. ఎడమ కాలితో కొట్టడం నేర్చుకుని మళ్లీ టీమ్‌లోకి వచ్చిందట. ఇప్పుడు నాన్నకి తెలీకుండా కెల్లర్‌లోనే నాకూ నేర్పిస్తోంది. జూన్ చివర్లో గర్ల్స్ టీమ్ సెలెక్షన్, నాకు చోటు వస్తుందంటోంది. నాన్నేమో కరోనా అని గుమ్మం దాటనివ్వడు. ఫోన్‌లో చెప్దామంటే స్పీకర్ పెడతాడు. నువ్వే "పిల్లని ఆడుకోనివ్వరా" అని చెప్పవా? నీ మాట కాదనడు. నేను రాశానని మాత్రం అనకు, ప్లీజ్.

తాతయ్యకి రెండో డోస్ వేశారా? ఆవకాయ పెట్టావా? ఇద్దరికీ దండాలు.

అయ్యో, తలుపు కొడుతున్నారు, నాన్నే. కార్డు సాక్సులో దాచేస్తున్నా, ఎడమ కాలి దాంట్లో.