పీకిన స్టిక్కర్లు

మంగళవారం, మార్కాపురం

పెద్దదోర్నాల ప్రభుత్వ బడికి మా ఆయన సప్లై చేసిన పన్నెండు కంప్యూటర్లనూ ఆఫీసరు ఇవాళ వెనక్కి పంపేశాడు. పొరుగుదేశంతో వ్యాపార తగాదా నడుస్తోంది కదా, అక్కడ తయారైనవి సర్కారు కొనకూడదట. ఏ దేశంలో చేశారో చెప్పే స్టిక్కర్లే మనవాటికి లేవు.

"ఎవరు పీకినారే? కావాలనే దాచినామంటున్నాడు. ఇంక జన్మలో మనకు టెండరు రాదు!" అని ఇంటికి రాగానే మా ఆయన అరిచారు.

"నేనే," అన్నాను.

ఫ్రిజ్ కొన్నా, మిక్సీ కొన్నా స్టిక్కరు ఒలిచి వారంటీ పుస్తకంలో అంటించడం నా అలవాటు. పసుపు కుంకుమ పెట్టే ముందు వీటికీ అదే చేశాను.

ఆయన నెత్తి కొట్టుకుని, అంతలోనే నవ్వేశారు.

"పుస్తకముంది గదా! పొద్దున్నే తీస్కపోయి చూపిస్తా. అన్నీ మన దేశంవేనని డీలరు రాసిచ్చినాడు."

ఇప్పుడే పుస్తకం తెరిచాను. అంటించేటప్పుడు నంబర్లు మాత్రమే చూసుకున్నాను. మూడు మన దేశానివి. తొమ్మిదింటి మీద ఆ దేశం పేరే ఉంది.

పక్క గదిలో ఆయన రేపటికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.